నష్టం గీత

అశ్విని కార్తె, మొదటి పాదం

నాలుగో గ్యాలరీ చిక్కుడు పందిళ్ళ మీద ఈ రోజు పేనుబంక తక్కువే. పది ఆకులు తిప్పితే ఒకదాని అడుగున నాలుగైదు కనిపించాయి. వంగ మడి శుభ్రంగా ఉంది. దీపాలు ఊదారంగులో నిండుగా వెలుగుతున్నాయి. పెద్ద ఫ్యాను కాస్త దగ్గుతోంది కానీ తిరుగుతోంది. పురుగుల చూపరిగా నాకిది మొదటి షిఫ్టు.

ఉద్యోగం ఇచ్చింది ఈ గ్యాలరీ మీద పెత్తనం చేసే ఓవర్‌మన్ బొద్దుల ప్రభంజన్. పోయినేడు మా అక్క సుధేష్ణను ఎండ షిఫ్టుకు పంపించిందీ ఆయనే.

"మీ అక్క జేసినదానికి నువ్వు తల దించుకునుడెందుకు బిడ్డా," అన్నాడు భూతద్దం నా చేతిలో పెడుతూ. "నీ సదువు నీది. ఒక్కటే గుర్తు పెట్టుకో. ఆకు అద్దం లెక్క ఉండాలె. పురుగు నా కంట్ల వడొద్దు."

"సరే సార్" అన్నాను. ఆయన జేబురుమాలు తీసి ఒక చిక్కుడాకు తుడిచి, రుమాలు చూసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాలరు మీద ఒక్క ముడత లేదు. బొగ్గు గోడల మధ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కునే మనిషి, జనం ఎండకు దాక్కుని బతికే ఈ పాత బొగ్గు బాయి మొత్తంలో ఈయనొక్కడే.

జరిగింది ఒకసారి రాసుకుంటాను, నాలో అది చల్లారకుండా. అక్క ఇదే గ్యాలరీలో నల్లటి, ముళ్ళున్న పురుగుల్ని పెంచింది. అవి పేనుబంకను తింటాయని ప్రభంజన్‌కు చెప్పింది. ఏటా బాయి పెద్దలు వచ్చి పంట చూస్తారు, ఆ చూపు దగ్గర పడ్డాక ఆయన వాటిని చూశాడు. ఎవరినీ అడగకుండా పొగబండి తెప్పించి గ్యాలరీ అంతా పొగమందు పెట్టించాడు. ముళ్ళ పురుగులు పోయాయి. పేనుబంకలో కొంత మిగిలింది. దాన్ని తినేది ఏదీ లేక అది పందిళ్ళను మసిగుడ్డల్లా చేసేసింది. వానాకాలమంతా బాయి అర్ధాకలితో ఉంది. పంచాయితీలో ఆయన, "ఆమె పురుగులు పెంచింది, గందుకే పంట పోయింది" అన్నాడు. అక్క, "అవి అక్షింతల పురుగు పిల్లలు" అంది. అందరూ నవ్వారట. అక్షింతల పురుగును అందరూ ఎరుగుదురు. బడి గోడ మీద బొమ్మ ఉంది, ఎర్రగా, గుండ్రంగా, నల్ల చుక్కలతో. దానికీ ఈ ముళ్ళ తొండకీ చుట్టరికమేమిటి? చూపించడానికి ఒక్క పురుగూ బతికి లేదు. అక్క పైకి వెళ్ళింది.

పైన ఎండలో సోలార్ పలకలు తుడిచేవాళ్ళు ఉంటేనే కింద దీపాలు వెలుగుతాయి. శిక్ష పడ్డవాళ్ళే ఆ పని చేస్తారు. పోయిన రోహిణికి పైనున్నవాళ్ళలో సగం మందే తిరిగి దిగారు. ఈ రోహిణిలోపు అక్కను దించాలి. అంతకుముందే ఈయన్ను కూల్చాలి.

కాలేజీలో నాకు ఓపిగ్గా నేర్పిన పాఠం ఒకటుంది. పురుగు కనపడగానే మందు కొట్టకు. ముందు అదేమిటో ఆనవాలు పట్టు. ఎక్కడ తింటుందో, ఎప్పుడు బయటికొస్తుందో చూస్తూ ఉండు. పంట ఎంత నష్టం ఓర్చుకుంటుందో అక్కడ నష్టం గీత గీసుకో, అది దాటాకే చెయ్యెత్తు. మందు అన్నిటికన్నా చివర. నాలుగో గ్యాలరీలో ప్రభంజన్‌ను పురుగు కింద రాసుకుంటున్నాను. పాఠం ప్రకారమే వెళ్తాను.

అశ్విని, నాలుగో పాదం

అమ్మ మా వంటింటి వెనక కుండీల్లో మిరప వేసింది. ఈ రోజు పిలిచింది.

"హరిణీ, గీ ముండ్ల పురుగులు మళ్ళ వచ్చినయే. సంపుతున్న."

పరుగెత్తాను. ఆకు అడుగున నల్లగా, పొడుగ్గా, వీపు మీద నారింజ మచ్చలతో ఒకటి. భూతద్దం పెట్టి చూశాను. పేనుబంకలో ఒక పురుగును పట్టుకుని నిదానంగా పిండి పిప్పి చేసి పక్కదాని మీదికి వెళ్ళింది. అక్క చెప్పినవి ఇవే. నేను కింది బాయి కాలేజీ హాస్టల్లో ఉండటం వల్ల వీటిని ఎప్పుడూ చూడలేదు. అక్క షిఫ్టు దిగి వచ్చినప్పుడు ఆమె బట్టలకు అంటుకుని ఎప్పుడో వచ్చి ఉంటాయి. పొగమందు మా ఇంటిదాకా రాలేదు.

"ఇవి ఎప్పట్నించి వస్తున్నయమ్మా?"

"యాడాది నుంచి. దొరికినకాడికి సంపుత. ఎర్రవి గుడ ఒకటి రెండు వస్తయి, గవి అచ్చింతల పురుగులని ఇడిసిపెడుత. వాటి ఉసురెందుకు మనకు."

అంటే యాడాదిగా మా అమ్మ తల్లి పురుగుకు దండం పెట్టి దాని పిల్లల్ని నలిపేస్తోంది. ఈ బాయిలో ప్రతి ఇంట్లోనూ ఇదే జరుగుతూ ఉండాలి. అమ్మకు నెమ్మదిగా చెప్పాను. ఆమె చేతిలోని చీపురుపుల్ల కింద పడేసి గట్టు మీద కూలబడింది.

"మరి నా బిడ్డ చెప్పింది నిజమేనా?"

"నిజమేనమ్మా."

"నువ్వు గిది సత్తెమ్మకు చెప్పు. ఇప్పుడే పో."

సత్తెమ్మ బాయి పెద్ద. నేను మాత్రం వెళ్ళలేదు. చెబితే ఎవరూ నమ్మరు, పోయినేడూ అక్క చెప్పే చూసింది. పిల్ల పురుగు పెద్ద పురుగుగా మారడం వాళ్ళ కళ్ళ ముందు జరగాలి. అది ఎప్పుడు ఎలా జరుగుతుందో ముందు నాకు తెలియాలి. కుండీకి దోమతెర కట్టి అమ్మను కాపలా పెట్టాను.

భరణి, మొదటి పాదం

చిక్కుడు మడి వెనక అంచున ఒక వరస బొబ్బర్లు వేస్తానని అడిగాను. పేనుబంకకు బొబ్బర లేతాకు అంటే ప్రాణం. అది ఎర పంట. బంక అంతా అక్కడికి చేరితే చిక్కుడు శుభ్రంగా ఉంటుంది.

"పురుగులకు విందు వెడ్తవా?" అన్నాడు ప్రభంజన్.

"మీ చిక్కుడాకు అద్దంలా ఉండాలంటే సార్, అవి ఎక్కడో ఒకచోట తినాలి కదా."

ఆలోచించాడు. చూపు కృత్తిక కార్తెలో ఉంది. "వెనకకెయ్యి. ఎవలకు కనవడొద్దు. పెద్దలు వచ్చే ముందురోజు పీకెయ్యాలె."

చేతితో పురుగులు ఏరే కొమురమ్మ నా పక్కనే గంపతో నిలబడి ఉంది. ఆయన వెళ్ళాక అంది, "నీకు ఆయన మాటంటే మస్తు గౌరవం ఉన్నదే పిల్లా. సార్ సార్ అంటుంటే నా చెవుల్ల చీమలు వాకుతున్నయి."

"నేర్చుకుంటున్నా కొమురక్కా."

"ఏం నేర్చుకుంటున్నవ్?"

"ఆయన దేనికి భయపడతాడో."

ఆమె నావైపు చూసి, ఒక వంకాయ పురుగును వేళ్ళతో నలిపి గంప అంచుకు రుద్దింది. "గట్లనా" అంది.

చూసినంతలో తేలింది ఇది. పై అధికారి వచ్చే రోజులు తప్ప ప్రభంజన్ వెనక మడులవైపు రాడు. చేతికి జిగురు అంటితే మూడుసార్లు కడుక్కుంటాడు. సత్తెమ్మ ముందు మాత్రం ఎప్పుడూ ముందు వరసలో నిలబడి చేతులు కట్టుకుంటాడు. అబద్ధమాడే ముందు ఎదుటివాళ్ళను వరస పెట్టి పిలుస్తాడు. బిడ్డా, తమ్మీ, పెద్దమ్మా.

భరణి, మూడో పాదం

పురుగు ఆనవాలు దొరికింది.

పురుగులు అతుక్కునే జిగురు అట్టలు అయిపోతే సామాన్ల గది తాళంచెవి కోసం ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య వకుళ రాగి అంబలి ఇచ్చి కూర్చోమంది. వెనక గదిలో దీపం కింద గుమ్మడి తీగ గోడంతా పాకి ఉంది. అంత లేతాకు మీద ఒక్క పేనుబంక లేదు. పొగమందు వాసనా లేదు. నేను ఆశ్చర్యపోతూ దగ్గరకు వెళ్ళాను. ఆకుల కింద ముళ్ళ పురుగులు. ఒకటి రెండు కాదు.

అప్పుడే ప్రభంజన్ లోపలి నుంచి వచ్చాడు, గుబురు ఆకుల చాటున ఉన్న నన్ను చూడలేదు. ఒక ఆకు ఎండిపోతే తెంపడానికి చెయ్యి వేసి, దాని అడుగున ఉన్న పురుగును చూసి, మునివేలితో దాన్ని పక్క ఆకు మీదికి ఎక్కించి, ఆ తర్వాత ఎండాకు తెంపాడు. పసిపిల్లను ఒడి మార్చినట్టు.

నేను అంబలి గ్లాసు పట్టుకుని ముందు గదిలోకి వచ్చేశాను. అంబలి కొంచెం నా చేతి మీద ఒలికింది. "వేడి ఉన్నదా అమ్మా?" అంది వకుళ.

ఇన్నాళ్ళూ ఆయన తెలియక చేశాడేమో అని ఒక మూల అనుమానం ఉండేది. తెలివితక్కువవాడి మీద పగ పట్టడం కష్టం, మధ్యలో జాలి అడ్డొస్తుంది. ఇప్పుడు ఆ బాధ లేదు. పొగ పెట్టాక ఎక్కడో కొన్ని మిగిలి ఉంటాయి. ఆయన తెచ్చుకుని పెంచాడు, పెద్దవవడం చూశాడు, అక్క చెప్పింది నిజమని తెలుసుకున్నాడు. తెలిసి నోరు మూసుకున్నాడు. రోజూ తన గుమ్మడికాయ కూర తింటున్నాడు.

భరణి, నాలుగో పాదం

కొమురమ్మ మొగుడు మనుషుల్ని పైకీ కిందికీ మోసే ఇనప బోను, కేజీ దగ్గర పనిచేస్తాడు. పైవాళ్ళకు నీళ్ళు పంపేది అతనే. అతనితో అక్క కబురు పంపింది. ఎడమ కన్ను నీరు కారుతోందట, ఆ కంటికి అంతా తెల్లగా కనిపిస్తోందట. నల్లద్దాలు ముగ్గురికి ఒకటే ఉన్నాయట.

"నీ తాన ఏదో ఉన్నది," అంది కొమురమ్మ. "ఉంటే ఇప్పుడే తియ్యి. కన్ను మళ్ళ మొలుస్తదా?"

ఇప్పుడు సత్తెమ్మ దగ్గరికి వెళ్తే ఏమవుతుంది? గుమ్మడి తీగ గురించి చెబుతాను. ఆమె కబురు పంపేలోపు ఆయన తీగను పొగబెట్టి కడిగేస్తాడు. లేదా, "నాకూ నిన్ననే తెలిసింది పెద్దమ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ఆమె క్షమిస్తుంది. అక్క దిగుతుంది, నిజమే, దిగవచ్చు. ఆయన ఓవర్‌మన్‌గానే ఉంటాడు. మా ఇద్దరినీ దయగా పలకరిస్తాడు.

అది నాకు వద్దు. పెద్దలందరి ముందు ఆయన ఆ అబద్ధం మళ్ళీ ఒకసారి నోరారా చెప్పాలి. చెప్పాక పట్టుకోవాలి. చూపు ఎంతో దూరం లేదు.

"గీత ఇంకా దాటలేదు కొమురక్కా," అన్నాను.

"ఏ గీతనే?" అంది ఆమె, గంప ఎత్తుకుంటూ.

కృత్తిక, రెండో పాదం

బొబ్బర వరస నల్లబడింది. కాడల నిండా పేనుబంక, కింద ఆకులు జిగురుతో మెరుస్తున్నాయి. చిక్కుడు మాత్రం అద్దంలా ఉంది. ప్రభంజన్ ముందు వరసల్లో నడిచి, రుమాలుతో తుడిచి, మరక రాకపోతే మురిసిపోతున్నాడు.

అమ్మ, నేను కలిసి కుండీలోని ముళ్ళ పురుగుల్ని కుంచెతో డబ్బాలోకి ఎక్కించి తెచ్చాం. బొబ్బర వరస మీద వదిలాను. ఇంటి దగ్గర దోమతెర కింద జరిగింది చూశాను కాబట్టి లెక్క తెలుసు. కడుపు నిండిన పిల్ల పురుగు తోకతో ఆకుకు అతుక్కుని కదలకుండా ముడుచుకుపోతుంది, గింజలా. కొన్నాళ్ళకు ఆ గింజ పగిలి అక్షింతల పురుగు బయటికొస్తుంది. వరస మీద కొన్ని ఇప్పటికే ముడుచుకున్నాయి. చూపు రోజుకు పగిలేవి ఏవో గుర్తుపెట్టుకున్నాను.

ముందురోజు వరస పీకెయ్యమన్నాడు కదా. "పీకేశాను సార్" అని చెబుతాను. వెనక్కి వచ్చి చూసే మనిషి కాదు.

చూపు రోజు నడక చూపరి దీపం వెంటే సాగుతుంది. నేను ఎటు వెళ్తే పెద్దలు అటే రావాలి. ఇంకొక ఆచారం ఉంది, ఇక్కడ బొగ్గు తవ్విన కాలం నాటిది. గ్యాస్ అనుమానం వస్తే ఎవరైనా సరే తలదీపం తీసి పైకెత్తవచ్చు. ఎత్తిన దీపం దిగేదాకా ఎవరూ ఏ పనీ చెయ్యకూడదు, చోటు దాటకూడదు, దీపం నడిస్తే దాని వెంట తప్ప. ఎత్తినవాళ్ళ మాట నిజమైతే తప్పు చేసినవాడి శిక్ష వాళ్ళే చెబుతారు. మాట తేలకముందే చెయ్యి దిగిందా, వాళ్ళు పైకి పోతారు. రోహిణి ముందు దీపం ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. గ్యాస్‌కు తప్ప ఇంకోదానికి ఎత్తినవాళ్ళను నేను వినలేదు.

కృత్తిక, మూడో పాదం

చెయ్యి నొప్పితో కలం నిలవడం లేదు. అయినా అంతా రాస్తాను.

సత్తెమ్మ ముందు, పెద్దలు వెనక, పక్కన ప్రభంజన్. చిక్కుడు మడి చూసి ఆమె, "ఆకు మంచిగున్నది ప్రభంజనం" అంది. ఆయన చేతులు కట్టుకుని నా వైపు చూపించి, "బిడ్డ కష్టం పెద్దమ్మా. మనం దారి చూపిచ్చుడే" అన్నాడు. నేను దీపం వెనక మడివైపు తిప్పాను.

"అటేమున్నది?" అన్నాడు.

"మీరే చూద్దురు రండి సార్."

బొబ్బర వరస చూసి పెద్దల్లో ఒకాయన వెనక్కి అడుగేశాడు. నల్లటి బంక, దాని మీద పాకే ముళ్ళ పురుగులు. సత్తెమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంది ప్రభంజనం ఇది?"

ఆయన నన్ను చూశాడు. ఆ చూపులో ఒక్క క్షణం లెక్క జరిగింది, నాకు కనిపించింది. ఇవేమిటో చెబితే పోయినేటి మాట అబద్ధమవుతుంది. చెప్పకపోతే నేను పోతాను, అంతే.

"గవే పెద్దమ్మా," అన్నాడు మెత్తగా. "సుధేష్ణ పెంచిన ముండ్ల పురుగులే. సదువుకున్న బిడ్డ గదా అని దయదలిస్తే, చెల్లె గుడ గదే పని చేసింది. తమ్మీ, పొగబండి తీస్కరా. ఈ వరస ఒక్కటే కాదు, గ్యాలరీ మొత్తం పెట్టుర్రి."

బిడ్డా, తమ్మీ, పెద్దమ్మా. మూడూ అయ్యాయి.

నేను తలదీపం తీసి ఎత్తాను.

ఫ్యాను తప్ప అన్నీ ఆగాయి. పొగబండి తోసుకొచ్చేవాళ్ళు ఉన్నచోటే నిలబడిపోయారు. సత్తెమ్మ ముక్కు మీది కొంగు తీసింది. "దేనికి ఎత్తినవ్ బిడ్డా? గ్యాస్ ఉన్నదా?"

"లేదు పెద్దమ్మా. ఇవి అక్షింతల పురుగు పిల్లలు. మా అక్క చెప్పింది నిజం. వాటిల్లో ఒకటి ఈ పూట మారుతది. మీరు చూసేదాకా దీపం దించను."

ప్రభంజన్ నవ్వాడు. ఇంకొందరు నవ్వారు.

నేను గుర్తుపెట్టుకున్న ఆకును ఎడమ చేత్తో తిప్పి చూపించాను. గింజలా ముడుచుకున్నది అప్పటికే వీపున చీలుతోంది. అందరూ వంగారు. చీలికలోంచి తల వచ్చింది, కాళ్ళు వచ్చాయి, గుండ్రటి ఒళ్ళు వచ్చింది. తడిగా, లేత పసుపు రంగులో. దాని మీద చుక్కలు లేవు.

"గిదేనా?" అన్నాడు ప్రభంజన్. "బడి గోడ మీద ఎర్రగుంటది బిడ్డా. పసుపుది ఎక్కడ చూసినవ్? ఇది ఇంకోటేదో పురుగు. పెద్దమ్మా, చెయ్యి దించుమను."

"ఇంకొంచెం ఆగాలి. రంగు వస్తది."

"ఎంతసేపు?"

చెప్పలేదు. ఇంటి దగ్గర చూసినప్పుడు చుక్కలు రావడానికి పూట పట్టింది. భుజంలో ముందు మంట లేచింది, తర్వాత మంట పోయి బరువొక్కటే మిగిలింది. నా చెయ్యి నాది కానట్టు, ఎవరో వేలాడదీసినట్టు. ప్రభంజన్ దీపాన్నే చూస్తున్నాడు. నేను ఆయన్నే చూస్తున్నాను. ఆ మొహం లేకపోతే చెయ్యి ఎప్పుడో దిగిపోయేది.

కొమురమ్మ గంప కింద పెట్టి వచ్చి నన్ను ఆనుకుని నిలబడింది. పొట్టి మనిషి. ఆమె తల సరిగ్గా నా మోచేతి కిందికి వచ్చింది.

"ఏయ్, పట్టుకునుడు లేదు," అన్నాడు ప్రభంజన్.

"ఎవలు వట్టుకున్నరు? నిలవడ్డ. నిలవడే జాగ మీద గుడ నీ పెత్తనమేనా?" తర్వాత నాతో గొంతు తగ్గించి, "దించకు పిల్లా. నీ చంక కంపు నేను ఓర్చుకుంట."

సత్తెమ్మ అటు చూడనట్టు పురుగు మీదికి వంగింది. అలాగే వంగి ఉంది. ఎప్పటికో, "నారింజకొచ్చింది" అంది. ఇంకా కాసేపటికి వేలు చూపించింది. వీపు మీద మబ్బుగా ఒక మరక. అది చూస్తుండగానే నల్లబడింది. పక్కన ఇంకొకటి. పెద్దల్లో ఒకాయన, అక్కను పైకి పంపినప్పుడు అందరికన్నా గట్టిగా నవ్వినాయన, ఆకు ముందు మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు.

"అచ్చింతల పురుగే," అంది సత్తెమ్మ.

ప్రభంజన్ వెంటనే చేతులు జోడించాడు. "నాకు తెల్వది పెద్దమ్మా. ఈ బాయిల ఎవలకు తెల్సు? తెల్వక జేసిన. తెల్వనిదానికి తప్పేంది?"

కొందరు తలూపారు. ఎవరికీ తెలియదన్నది నిజమే మరి. నేను ఎదురుచూసింది ఈ మాట కోసమే.

"అయితే సార్ ఇంటికి పోదాం పెద్దమ్మా. దీపం ఇంకా దిగలేదు."

ఆయన మొహంలో రంగు పోవడం చూశాను. నాకు జీవితంలో అంత రుచిగా ఏదీ అనిపించలేదు. అందరం నడిచాం. నేను ముందు, దీపం పైన, కొమురమ్మ తల నా మోచేతి కింద. వకుళ తలుపు తీసి ఇంతమందిని చూసి బెదిరింది. సత్తెమ్మ గుమ్మడి తీగ ఆకులు తిప్పి చూసింది. ముళ్ళ పురుగులు, ముడుచుకున్న గింజలు, రెండు ఎర్రటివి.

"ఇవి ఎప్పట్నించి ఉన్నయమ్మా?" అని అడిగింది.

"పోయినేడు పొగ పెట్టినంక తెచ్చిండు పెద్దమ్మా," అంది వకుళ, మర్యాదగా. "మంచివి, ఎర్రగయితయి, ముట్టద్దని చెప్పిండు. నేను ఒక్కదాన్ని గుడ సంపలే."

నేను చెయ్యి దించాను. సొంతంగా దిగలేదది, కొమురమ్మ పట్టుకుని దించింది.

కృత్తిక, నాలుగో పాదం

శిక్ష నువ్వే చెప్పాలంది సత్తెమ్మ. రోహిణికి పైకి పంపుతానని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను, యాడాదిగా.

కానీ పైకి పోయినవాడు కనపడడు. కనపడనివాణ్ణి జనం తొందరగా మంచివాణ్ణి చేస్తారు. ఎండకు పోతే కేజీ దగ్గర దీపం పెడతారు కూడా. పైగా అక్షింతల పురుగులు నిలవాలంటే పంట శుభ్రంగా ఉన్న రోజుల్లోనూ వాటికి తిండి ఉండాలి. అంటే ఎవరో ఒకరు పేనుబంకను పెంచుతూనే ఉండాలి, మూసిన గదిలో, బొబ్బర మొలకల మీద, జిగురులో, ఏ ఆకూ తుడవకుండా. పురుగుల్ని పూర్తిగా లేకుండా చెయ్యడం మా పాఠంలో ఎక్కడా లేదు.

"బంక గదిలో ఉంటాడు," అన్నాను. "రోజూ ట్రేలు పెంచి మా అక్క చేతికి ఇస్తాడు. ఏ షిఫ్టులో ఎవరు వచ్చి అడిగినా, ముళ్ళ పురుగు ఏమిటో, తను ఏం చేశాడో చెప్పాలి."

"పైకే పంపు బిడ్డా," అన్నాడు ప్రభంజన్. ఆయన నన్ను ఏదైనా అడుక్కోవడం అదే మొదటిసారి. ఒప్పుకోలేదు.

సాయంత్రం కేజీ దిగింది. అక్క నల్లగా కమిలి ఉంది, పెదాలు పగిలి ఉన్నాయి. ఎడమ కన్ను పాలు పోసినట్టుంది. అమ్మ ఆమె మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని వదల్లేదు. డాక్టరు ఆ కంటికి వెలుతురు పెట్టి చూసి, ఇంకొంచెం ముందు దించి ఉంటే కన్ను దక్కేది అన్నాడు.

రోహిణి, మొదటి పాదం

పైన నిప్పులు కురుస్తున్నాయట. కింద అక్క పురుగుల గది మొదలుపెట్టింది. ఒక్క కంటితో, భూతద్దం మొహానికి ఆనించుకుని, గుడ్లు ఏరుతోంది. బాయి పిల్లలు వరస కట్టి ముళ్ళ పురుగుల్ని అరచేతిలో పాకించుకుంటున్నారు.

ఈ రోజు నన్ను పిలిచింది.

"వాడు రోజూ ట్రే తెస్తడు. వాడి చేతిల నుంచి నేను తీసుకోవాలె. వాడి గొంతు వినాలె. గిది వాడికి శిక్షనా, నాకా?"

శిక్ష చెప్పినప్పుడు అది నాకు తట్టలేదు. నిజంగా తట్టలేదు. వాడి మొహం మాత్రమే కనపడింది నాకు అప్పుడు.

"అయితే పైకి పంపిద్దాం."

"వద్దు. అక్కడ ఏముంటదో నేను చూసిన. కుక్కను గుడ పంపద్దు." గుడ్ల ట్రే పక్కన పెట్టింది. "ఒకటి చెప్పు హరిణీ. వాడింట్ల పురుగులున్నయని నీకెప్పుడు తెల్సింది?"

"భరణిలో."

"నా కబురు అందినంకనా, ముందా?"

"ముందు."

ఆమె మంచి కన్ను నా మీద ఉంది, తెల్ల కన్ను గోడ మీద.

"నష్టం గీత అంటిరి గదా మీ కాలేజీల," అంది. "ఎవల పంట చూసి గీసినవ్ ఆ గీత?"

భరణిలో చెప్పి ఉంటే నమ్మేవారు కాదని, ఆయన తీగ కడిగేసేవాడని చెప్పబోయాను. అవన్నీ నిజాలే. అక్క అప్పటికే గుడ్ల వైపు తిరిగిపోయింది.

రోహిణి, రెండో పాదం

సత్తెమ్మను కలిసి నా పని మార్పించుకున్నాను. ఇకనుంచి బంక గదిలో ట్రేలు తీసుకునేది నేను. అక్కకు తెచ్చి ఇచ్చేదీ నేను. "ఎన్నేండ్లు కూసుంటవ్ వాని ఎదురుంగ?" అంది సత్తెమ్మ. కింది బాయి కాలేజీలో పాఠాలు చెప్పే చోటు ఖాళీ అయింది, దానికి నా పేరు అనుకుంటున్నారని కూడా చెప్పింది. వద్దన్నాను.

పగ తీరితే మనసు బోసిపోతుందని కొమురమ్మ బెదిరించింది. అబద్ధం. ఆయన ఇస్త్రీ చొక్కా జిగురు పట్టి వీపుకు అతుక్కుపోయి ఉండటం రోజూ చూస్తున్నాను, రోజూ కడుపు నిండుతోంది. జనం వచ్చి తలుపు దగ్గర నిలబడి అడుగుతారు. ఆయన చెబుతాడు. ఒక మాట మింగితే నేను భూతద్దం బల్ల మీద కొడతాను, మళ్ళీ మొదటినుంచి చెబుతాడు.

ఈ రోజు ఎవరూ రాలేదు. ట్రే నా చేతికి ఇస్తూ వదలకుండా పట్టుకుని, ఏ వరసా కలపకుండా, "సుధేష్ణ కన్ను ఎట్లున్నది?" అన్నాడు.

నిజంగానే అడిగాడు. నా దగ్గర దానికి తిట్టు ఉండాలి. వెతికాను, లేదు. ట్రే లాక్కున్నాను. బంక జిగురు నా మణికట్టు దాకా కారింది.

"రెండోది తీయండి," అన్నాను.